పదకొండు షట్టర్లు, ఒకే తీగ

నెల క్రితం మా పాత డివిజన్ నుంచి ఇద్దరు కుర్ర ఇంజనీర్లు పాల్వంచలో మా ఇంటికి వచ్చారు. కాలువ షట్టర్లకు మోటార్లు బిగించి, ఒక్కో షట్టరు దగ్గర ఒక చిన్న కంప్యూటరు పెడతారట. ఆ కంప్యూటర్లు పక్కపక్కవి మాట్లాడుకుంటూ నీటిని తామే సర్దుకుంటాయట. పైనుంచి ఎవరూ ఆజ్ఞ ఇవ్వనక్కర్లేదట. కాగితం మీద పెట్టెలు గీసి, పెట్టెకూ పెట్టెకూ మధ్య బాణాలు గీసి చూపించారు.

వాళ్లు వెళ్లాక ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. నాకు కలిగింది సంతోషం కాదు, అసూయ. ఆ బాణాలను నేను ఇరవై ఆరేళ్ల వయసులో గీయవలసింది. గీయలేదు సరికదా, కళ్లముందు నడుస్తున్న వాటిని నా చేతులతో తెంపించాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ హోదాకు వెళ్లానో, ముందుగానే ఎందుకు పదవీ విరమణ తీసుకున్నానో మీకు అక్కర్లేదు. ఒక కాలువ, ఒక టెలిఫోను తీగ, నేను అసూయపడ్డ కొందరు మనుషులు. అంతే.

కాలువ ఎలా ఉండేది

డెబ్బైల చివర నాకు ఆ పోస్టింగు వచ్చింది. అడవి వాగు మీద ఆనకట్ట, దాని నుంచి ఇరవై ఆరు మైళ్ల కాలువ. పేరు చెప్పను. తప్పు కాలువది కాదు, నాది.

మొదటి మైళ్లు అడవి అంచున పోతాయి. నడిమి ఊళ్లలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు. చివర నాలుగు కోయ గూడేలు. అప్పటిదాకా పోడు కొట్టుకుని జొన్న, సామ పండించుకున్న ఆ గూడేలకు కాలువ నీరు అందడం అదే మొదలు. ఆ ఏడే మొదటిసారి వరి నాటారు. ఇది గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

కాలువకు అడ్డంగా పదకొండు చోట్ల షట్టర్లు ఉండేవి. షట్టరు దించితే దాని పైభాగంలో మట్టం పెరిగి పక్క తూములకు నీరెక్కుతుంది. లేపితే నీరు కిందికి పోతుంది. ఒక్కో షట్టరుకు ఒక లష్కరు, ఒక గది, ఒక ఇనుప చక్రం. లష్కరు పని ఆ చక్రం తిప్పడం.

వినడానికి సులభం. కష్టం ఎక్కడంటే, మీరు ఇక్కడ లేపిన నీరు కింది షట్టరుకు చేరడానికి రెండు గంటలు పడుతుంది. తల నుంచి తోకకు ఒక పగలూ ఒక రాత్రీ. ఆ రెండు గంటలు ఓపిక పట్టలేక కిందివాడు కూడా ఏదో ఒకటి తిప్పాడనుకోండి, మీ నీళ్లూ అతని తొందరా కలిసి మూడోవాడి మీద పడతాయి. మూడోవాడి కంగారు నాలుగోవాడి మీద పడుతుంది. పై షట్టరు దగ్గర వేలెడు తేడా చివరి షట్టరు దగ్గర మూరెడు అవుతుంది. ఇది నాకు లెక్కలతో సహా తెలుసు. ఎం.టెక్.లో నేను చదివింది ఇదే. మా జిల్లాలో ఆ చదువు చదివి కాలువ మీదికి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. ఆ సంగతి నేను ఒక్క నిమిషం కూడా మరిచిపోయేవాణ్ని కాదు.

తీగ

కాలువ గట్టున స్తంభాలు పాతి ఒకే ఒక టెలిఫోను తీగ లాగి ఉండేది. పదకొండు గదులూ, మా సెక్షన్ ఆఫీసూ దానికే. పిడి తిప్పితే అన్నిచోట్లా గంట మోగుతుంది. మూడు పొట్టి మోతలు మూడో షట్టరుకు, ఒక పొడుగూ ఒక పొట్టీ ఆరుకు, ఇలా ఏవో గుర్తులు. ఎవరు ఎవరితో మాట్లాడినా, రిసీవరు ఎత్తితే అందరికీ వినిపిస్తుంది.

చేరిన మొదటి రోజు ఉదయం రిసీవరు ఎత్తాను. నాకు వినిపించింది ఇది:

"ఏం పాపన్నా, మీ ఇంటామె పుట్టింటి నుంచి అచ్చిందా?"

"ఏడ అచ్చింది! నేనే వండుకుంటున్న. గా నాలుగోళ్లకు జెప్పు, ఇంత చింతపండు పంపుమని."

"చింతపండు సంగతి తర్వాత గనీ, నాకు రెండు ఏళ్లు పడిపోయినయ్."

"అవ్, ఏడు చెప్పిండు. సగం లేపిన. నువ్ గూసో."

"గూసున్న. అన్నా, చేపలు వడ్డయా?"

ఎనిమిదో షట్టరు పాపయ్య, తొమ్మిదో షట్టరతను మాట్లాడుకుంటున్నారు. నేను గొంతు సవరించుకుని "ఎవరది?" అన్నాను. ఒక్కసారిగా తీగ మీద చప్పుడు ఆగిపోయింది. పదకొండు మంది ఊపిరి బిగబట్టిన చప్పుడు నాకు వినిపించింది. తర్వాత ఒకటొకటిగా రిసీవర్లు పెట్టేశారు.

నేను డైరీలో రాసుకున్నాను: ఒకటి, ప్రభుత్వ తీగ దుర్వినియోగం. రెండు, కొలతలు వేళ్లలో (వాళ్ల మాటలో 'ఏళ్లు'), అడుగుల్లో కాదు. మూడు, ఆఫీసును అడగకుండానే షట్టర్లు తిప్పుతున్నారు. నాలుగు, అయినా చివరి షట్టరు దగ్గర మట్టం సరిగ్గా ఉంది. ఎందుకు?

నాలుగో ప్రశ్న పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టాను. మొదటి మూడింటి మీద వెంటనే చర్య మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తే నవ్వొస్తుంది. నాలుగోదానికి జవాబు పై మూడింటిలోనే ఉంది.

లచ్చయ్య

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గోదావరి జిల్లా మనిషి. కాలువల మీదే తల నెరిసినవాడు. నేను ఏ ప్రశ్న అడిగినా ఒకటే మాట.

"లచ్చయ్యని అడుగు."

మడకం లచ్చయ్య ఆరో షట్టరు లష్కరు. కోయవాడు, నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, చదువు లేదు. పైవాళ్లకు గొడవొస్తే లచ్చయ్య, కిందివాళ్లకు అనుమానమొస్తే లచ్చయ్య. కోస్తా రైతులు సైతం గట్టు మీద సైకిలాపి అతనికి చుట్ట ఇచ్చి కూర్చునేవారు. ఇద్దరు కోయ లష్కర్లు తీగ మీద తమ భాషలో మాట్లాడుకుంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నా గురించే అనుకునేవాణ్ని.

దాచకుండా చెబుతాను. ఆ మనిషిని చూస్తే నాకు కడుపులో మండేది. నేను ఏడేళ్లు చదివింది అతను చక్రం పక్కన కూర్చుని చేస్తున్నాడు. నేను ఆర్డరు రాసి, సంతకం చేసి, జీపులో పంపితే సగం మంది పాటించేవారు. అతను ఏమీ చెప్పకుండానే పదకొండు మంది ఒక్కటిగా కదిలేవారు. రహస్యంగా ఆజ్ఞలిచ్చేది అతనేనని నాకు నమ్మకం కుదిరింది. పదకొండు షట్టర్లు కలిసికట్టుగా కదలాలంటే ఎక్కడో ఒక అధికారి ఉండి తీరాలి. ఆ అధికారి నేను కాను. కాబట్టి అతనే.

ఒకరోజు నేరుగా అడిగాను.

"లచ్చయ్యా, ఏ షట్టరు ఎంత లేపాలో ఎవరు చెప్తున్నారు?"

"ఎవలు జెప్తరు సారూ? నా మట్టం రాయి మీద నీళ్లు రెండు ఏళ్లు తప్పితే నేను లేస్త. లేకుంటే లెవ్వ. లేసినంక, ఎంత గావాల్నో గంతల సగం తిప్పుత. కిందోనికి జెప్త. మళ్ల గూసుంట."

"సగమే ఎందుకు?"

"కడమ సగం పైనోడు సూసుకుంటడు గద."

"పైవాడు చూసుకోకపోతే?"

"అప్పుడు ఇంక సగం తిప్పుత." నన్ను వింతగా చూశాడు. "గిది అందరికి ఎరుకే సారూ."

ఇప్పుడు దీన్ని మీ భాషలో చెబుతాను. కొంత మేర దాటితే తప్ప కదలడు. కదిలినా సగమే సరిచేస్తాడు, అందువల్ల అల పెరగదు. నీరు చేరకముందే కిందివాడికి కబురు చేరుతుంది. ఊరికే ఎవరూ తీగను ఆక్రమించరు, మార్పు ఉంటేనే మాట. అందరూ వింటుంటారు కాబట్టి ఒక్క మాటతో పదకొండు మందికీ తెలుస్తుంది. ఇంత తక్కువ కబుర్లతో ఇంత పొడవు కాలువను నిలకడగా నడపడం నా పరీక్షలో వస్తే పది పేజీలు రాసేవాణ్ని. ఎదురుగా నిలబడి చెబుతుంటే మాత్రం అబద్ధమనుకున్నాను. దాస్తున్నాడనుకున్నాను.

నారుమళ్లు పోసే రోజుల్లోనే అతన్ని ఆనకట్ట దగ్గర స్టోరు కాపలాకు మార్చాను. కారణం "పరిపాలనా సౌలభ్యం" అని రాశాను. నిజమైన కారణం, అతను లేకపోతే కాలువ తడబడుతుంది, అప్పుడు అందరూ నా దగ్గరికి వస్తారు అని.

కాలువ తడబడలేదు.

ఆరో షట్టరుకు కొత్తవాణ్ని వేశాను. ఐదూ ఏడూ తీగ మీద వాడికి రెండు రోజుల్లో నేర్పేశాయి. "అరే, మొత్తం తిప్పకు, సగం సాలు." మూడో రోజు నుంచి పనిలో ఏ తేడా లేదు. వారమైంది, పది రోజులైంది. చివరి షట్టరు దగ్గర మట్టం గీత మీద గీతలా నిలిచి ఉంది.

ఒక మనిషి మీద అసూయ పడటం తేలిక. అతన్ని తీసేస్తే పోతుంది అనుకుంటాం. అక్కడ మనిషే లేడని తేలినప్పుడు నాకు ఏం చేయాలో తోచలేదు. ఆ తర్వాత నా అసూయ తీగ మీదికి మళ్లింది.

నా పథకం

ఉమ్మడి తీగ వల్ల ఆఫీసుకు లైను దొరకడం లేదని, లష్కర్లు సొంత కబుర్లకు వాడుతున్నారని, అందుకని ఒక్కో షట్టరుకు విడిగా తీగ లాగి అన్నింటినీ మా ఆఫీసులో స్విచ్ బోర్డుకు కలపాలని ప్రతిపాదన పంపాను. అందులో రాసినవన్నీ నిజాలే. గుర్తుంచుకోండి, అసూయతో రాసిన కాగితంలో అబద్ధం ఒక్కటి కూడా ఉండనక్కర్లేదు.

ఇ.ఇ. గారు చదివి కళ్లజోడు తీశారు.

"ఏమయ్యా, వాళ్లు మాట్లాడుకుంటే నీకేం?"

"సార్, సమాచారమంతా ఒకచోటికి రావాలి. ఒకచోట లెక్క కట్టాలి. ఒకచోట నుంచి ఆర్డరు వెళ్లాలి. అదే శాస్త్రీయ పద్ధతి."

"ఆ ఒకచోట అంటే నువ్వేనా?"

"ప్రస్తుతానికి, సార్."

ఆయన నవ్వి సంతకం పెట్టారు. పెద్దవాళ్లు కుర్రవాళ్ల చదువుకు ఇచ్చే గౌరవం ఒక్కోసారి ప్రమాదం. ఆయన ఆ రోజు నన్ను తిట్టి పంపి ఉంటే బాగుండేది అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. తప్పు ఆయన మీదికి కొంచెం నెట్టాలని నాకిప్పటికీ ఉంటుంది.

రెండు నెలల్లో పని అయిపోయింది. నా బల్ల మీద పదకొండు రేకులున్న బోర్డు. ఏ షట్టరువాడు పిడి తిప్పితే ఆ రేకు టక్కున కింద పడుతుంది. నేను ప్లగ్గు పెట్టి మాట్లాడాలి. వాళ్లలో ఒకరికొకరు వినపడరు. రెండు గంటలకోసారి పదకొండు మట్టాలు, అడుగుల్లో, నా పుస్తకంలోకి. లెక్క కట్టి పదకొండు ఆర్డర్లు. ప్రతి గదిలో ఒక కాగితం అతికించాను: "ఆఫీసు ఆర్డరు లేనిదే షట్టరు ముట్టరాదు."

పదకొండో షట్టరు లష్కరు కుంజా ముత్తమ్మ. భర్త ఆ పనిలో ఉండగా చనిపోతే ఆమెకిచ్చారు. చివరి గూడెం ఆమెది. ఆమె రెండెకరాలూ అక్కడే, అదే మొదటి వరి. కొత్త లైనులో ఆమె మొదటి మాట:

"సారూ, పది ఏమంటుండు?"

"పదితో నీకేం పని? నీ మట్టం చెప్పు."

"నా మట్టం మంచిగనే ఉంది. పది లేపిండా దించిండా తెలిస్తే గద నాకు రేపు సంగతి తెల్సేది."

"అది నేను చూసుకుంటాను."

"నువ్ సూస్తవా? సరే సారూ."

మొదటి మూడు వారాలు అంతా బాగుంది. వానలు లేవు, తూములన్నీ ఒకే తీరుగా తీసి ఉన్నాయి, మారేదేమీ లేదు. కాలువ నా మాట వింటోందనుకున్నాను. గ్రాఫులు గీసి ఇ.ఇ. గారికి పంపాను. గీత మీద గీతలా నిలవడం అంతకుముందూ జరిగేదే. కానీ ఈసారి ఆ గీత నాది.

ఎనిమిదో షట్టరు

వరి పొట్ట మీద ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నడిమి ఊళ్ల మీద కుండపోతగా వాన పడింది. చివరి గూడేల మీద చినుకు లేదు. వాన పడగానే రైతులు చేసేది ఒకటే, పొలం మునగకుండా తూములు మూసేస్తారు. మూడు నుంచి ఏడు దాకా తూములన్నీ గంటలో మూసుకున్నాయి. పొలాలకు పోవలసిన నీరంతా కాలువలోనే ఉండి కిందికి బయలుదేరింది.

ఉమ్మడి తీగ ఉండి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. మూడోవాడు "మా దిక్కు తూములు మూస్తుండ్రు" అని ఒక్క మాట అనేవాడు. తలకాయ షట్టరు, అంటే మొదటి షట్టరు, లష్కరు యాకూబ్ అది విని నీరు తగ్గించేవాడు. ఐదోవాడు మిగులు తూము తెరిచి వాగులోకి వదిలేవాడు. ఎనిమిదోవాడు నీరు రాకముందే లేపి సిద్ధంగా ఉండేవాడు. ఎవరినీ ఎవరూ అడగనక్కర్లేదు.

నా బోర్డు మీద రేకులు పడటం మొదలైంది. మూడు. ఐదు. నాలుగు. ఏడు. మూడు మళ్లీ. నేను వరుస తప్పకుండా ఒక్కొక్కరితో మాట్లాడుతున్నాను, రాసుకుంటున్నాను, స్లైడ్ రూలు జరుపుతున్నాను. ఒకరి మట్టం లెక్కలోకి ఎక్కేసరికి అది అరగంట పాతదైపోతోంది. ఐదును దించి ఆపమన్నాను. ఐదు పైన కట్ట మీదికి వస్తోందని అతను అరిస్తే లేపమన్నాను. ఆరునూ లేపమన్నాను. ఏడును పూర్తిగా లేపమన్నాను. సగం కాదు, పూర్తిగా. ఎనిమిదికి చెప్పాలని కాగితం మీద రాసుకున్నాను.

ఎనిమిదో రేకు పడింది. అప్పుడు మూడోవాడు లైనులో ఉన్నాడు. ఒక్క నిమిషం అనుకున్నాను. రేకు పడి ఉన్నప్పుడు అవతల మనిషి ఇంకా తిప్పుతున్నాడో మానేశాడో ఆ బోర్డు చెప్పదు. మూడు తర్వాత నాలుగు తీసుకున్నాను, వరుస ప్రకారం.

ఎనిమిదికి ప్లగ్గు పెట్టేసరికి పాపయ్య అరుస్తున్నాడు.

"సారూ, ఎంతసేపాయె సారూ! కట్ట మీదికెక్కింది! లేపాల్నా? లేపమంటరా?"

"లేపు! ఎందుకు లేపలేదు?"

"నువ్వేగద సారూ ముట్టొద్దన్నవ్! ఏడోడు లేపిండని నాకేమెరుక? మునుపైతే ఇనపడుతుండె!"

చక్రం తిప్పే చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకో చప్పుడు. పాపయ్య రిసీవరు వదిలేసి బయటికి పరుగెత్తాడు. నేను అవతల ఖాళీ గదిని వింటూ కూర్చున్నాను.

ముప్పై అడుగుల గండి. పూడ్చి నీరు వదలడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. నడిమి పొలాలకు వాన ఆసరా ఉంది. చివరి నాలుగు గూడేల వరి పొట్టలోనే ఎండిపోయింది.

రిపోర్టు

ఆ వారం నేను చేసిన పని గండి కంటే చెడ్డది. రిపోర్టులో "ఎనిమిదో షట్టరు లష్కరు సకాలంలో స్పందించలేదు" అని రాశాను. వాక్యం నిజమే.

ఇ.ఇ. గారు పాపయ్యను పిలిపించలేదు. నన్ను పిలిపించారు. పొమ్మనలేదు, కూర్చోమనలేదు. ఎనిమిదో షట్టరు గదిలో అతికించిన నా ఆర్డరు కాగితం చింపి తెచ్చి రిపోర్టు పక్కన పెట్టారు.

"రెండూ నీ చేతిరాతేనా?"

"అవును సార్."

"ఏది ఉంచమంటావు?"

నేను రిపోర్టు తీసుకున్నాను. తిరిగి రాశాను. ఈసారి కర్త స్థానంలో నన్ను పెట్టాను. నాకు మెమో వచ్చింది. పాపయ్య ఉద్యోగం నిలిచింది. పేర్లు మార్చి రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల కోసం ఆయన నన్ను గంటసేపు నిలబెట్టారు.

తర్వాత చివరి గూడెం వెళ్లాను. ముత్తమ్మ ఎండిన వరిని కోసి పశువులకు మోపు కడుతోంది. ఏం మాట్లాడాలో జీపులో వరుసగా అనుకుంటూ వెళ్లాను. ఆమె ముందు నిలబడ్డాను.

"కూసో సారూ," అంది. నేను గట్టు మీద కూర్చున్నాను. "తీగ ఎందుకు కోసినవ్?"

"లైను దొరకడం లేదని..."

"గది కాగితం మీదిది. అసలుది జెప్పు."

చెప్పాను. లచ్చయ్య గురించి చెప్పాను. నా గురించి చెప్పాను. ఆమె మోపు కట్టడం ఆపలేదు.

"లచ్చన్న మీద కుళ్లుకున్నవా!" అని ఒక్కసారి నవ్వింది. "ఆయన మాట వాళ్లింట్ల వాళ్లే ఇనరు సారూ." నవ్వు ఆగాక మోపు ఎత్తుకుంది. "మా వాళ్లు మల్ల జొన్నే ఏసుకుంటం అంటుండ్రు. నేనే ఆపిన, ఇంకొక్క పంట సూద్దమని. ఈతాప గూడ నీళ్లు రాకుంటే నా మాట ఎవ్వలినరు."

పదో షట్టరు

ఉమ్మడి తీగ మళ్లీ కలిపించాను. లచ్చయ్యను ఆరుకు తెప్పించాను. ఇ.ఇ. గారు సరేనన్నారు. స్విచ్ బోర్డు మాత్రం నా బల్ల మీదే ఉంచమన్నారు.

కానీ తీగ కలిసినంత తేలిగ్గా మాటలు కలవలేదు. నేను రిసీవరు ఎత్తితే క్లిక్‌మనేది. మాటలు ఆగిపోయేవి. చింతపండు, చేపలు, వేళ్లు, అన్నీ. నేను వింటున్నానంటే వాళ్లు ఒక్కొక్కరూ మట్టం అడుగుల్లో చెప్పి పెట్టేసేవారు. ఎత్తకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. గంట మోగుతుంటే నా చేయి దానంతట అదే వెళ్లేది.

తర్వాతి పంట పొట్టకు వచ్చిన వారంలో పదో షట్టరు లష్కరుకు జ్వరం తగిలి భద్రాచలం దవాఖానాలో చేర్చారు. అక్కడికి పంపడానికి మనిషి లేడు. పది తప్పితే పదకొండు తప్పినట్టే. నేనే వెళ్లి ఆ గదిలో దిగాను. ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడి.

సాయంత్రం నాలుగింటికి గంట మోగింది, పది గుర్తు. ఎత్తాను.

"పదీ, గెట్లుంది? ఎన్ని ఏళ్లు?" ముత్తమ్మ.

నేను రాయి చూసి వచ్చాను. వేళ్లు పెట్టి కొలిచాను, జీవితంలో మొదటిసారి. "మూడు వేళ్లు తక్కువ," అన్నాను.

"సారా?"

"పదోవాడికి జ్వరం."

తీగ మీద ఊపిర్లు వినిపించాయి. వాళ్లు రిసీవర్లు పెట్టేస్తారనుకున్నాను. ముత్తమ్మే అందుకుంది.

"అయితేంది? పది అంటే పదే. తొమ్మిదీ, ఇంటున్నవా? పదికి మూడు ఏళ్లు తక్వయినయ్."

"ఇన్న. ఇంతకుమునుపే సగం లేపిన. నీళ్లు దార్ల ఉన్నయ్, పొద్దుగూకేటాళ్లకు అందుతయ్."

"ఇన్నవా సారూ? ముట్టకు. గూసో."

కూర్చున్నాను. ఆ రెండు గంటలు నేను పడ్డ యాతన ఎవరికీ చెప్పలేను. నా రాయి మీద నీరు కళ్లముందు తగ్గుతోంది, నా చేతికి చక్రం అందుతోంది, ఆఫీసులో ఉండి ఉంటే ఈపాటికి నాలుగు ఆర్డర్లు రాసేవాణ్ని. పైన ఏం జరుగుతోందో కనపడదు. తొమ్మిది మాట తప్ప నా దగ్గర వేరే ఆధారం లేదు. ముప్పై షరతులు రాసి నిరూపించగలిగిన విషయాన్ని ఒక మనిషి మాట మీద నమ్మి చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు చదువులో ఎవరూ నేర్పలేదు. నీరు చెప్పిన వేళకే వచ్చింది. రాయి మీద వేలు తర్వాత వేలు ఎక్కింది. సగం లేపాను. పదకొండుకు చెప్పాను.

"అచ్చినయ్," అంది ముత్తమ్మ ఆ రాత్రి. అంతే అంది.

వారం ఉన్నాను. రెండోసారి పూర్తిగా లేపబోతే తొమ్మిదోవాడు తిట్టాడు. చింతపండు ఎవరికి కావాలో నేనూ చెప్పాను. ఆ నాలుగు గూడేల వరి ఈనింది. జ్వరం తగ్గిన లష్కరు తిరిగొచ్చాక నేను ఆఫీసుకు, నా బల్లకు వచ్చేశాను.

కొన్నాళ్లకు తనిఖీకి తలకాయ షట్టరు దగ్గరికి వెళ్లాను. జీపు దూరంగా ఆపి గట్టు మీద నడిచి వచ్చాను. గదిలో యాకూబ్ నాకు వీపు పెట్టి ఫోనులో నవ్వుతున్నాడు.

"ఎవలూ? గా వారం పది మీద ఉన్నాయననా? అవ్, అవ్, మంచోడు. జెప్తే ఇంటడు, తొందరపడడు... అరే, ఆయనను మళ్ల తోలియ్యమని అడుగుదమా?... ఎవల్ని అడుగుడు? గా ఆఫీసుల సారునా? వద్దు తియ్, గాయనకు జెప్తే మల్ల తీగ కోస్తడు!"

తీగ అవతల పది మంది నవ్వు రిసీవరులోంచి గది బయట దాకా వినిపించింది. ఆ ఇద్దరూ నేనేనని అందరికీ తెలుసు.

నేను తలుపు తట్టలేదు. తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టకుండానే జీపు దాకా వెనక్కి నడిచాను. దారి పొడవునా నాకు కడుపులో మళ్లీ మండుతూనే ఉంది. ఈసారి లచ్చయ్య మీద కాదు, పదో షట్టరులో వారం రోజులు ఉండి వచ్చిన ఆ మనిషి మీద.